జ్వరం 8వ రోజు, ప్లేట్‌లెట్లు 46 వేలు, విడాల్ పాజిటివ్: ప్లేట్‌లెట్లు ఎక్కించాలా, యాంటీబయాటిక్ మార్చాలా?

సీహెచ్‌సీ_డ్యూటీ
ఆదివారం రాత్రి 10:50

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం వైపు ఒక చిన్న ఆస్పత్రిలో చేస్తున్నా, ఎండీ అయ్యి ఏడాదిన్నర అయింది. పేషెంట్ పేరు, ఊరు, ఫోటో ఏవీ పెట్టడం లేదు. 38 ఏళ్ల ఆవిడ, జీడితోటల్లో కలుపు పనికి వెళ్తుంది, షుగర్ బీపీ లేవు. జ్వరం ఇవాళ్టికి 8వ రోజు. మొదటి మూడు రోజులు ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర ఇంజక్షన్లు, తర్వాత బయట విడాల్ (టైఫాయిడ్ రక్త పరీక్ష) చేయించారు, ఓ 1:160, హెచ్ 1:160 వచ్చింది, టైఫాయిడ్ అని సెఫ్ట్రియాక్సోన్ మొదలుపెట్టారు, దానికి ఇవాళ ఐదో రోజు. జ్వరం ఇంకా 103 వస్తోంది. తలనొప్పి బాగా ఉంది, ఒళ్ళంతా నొప్పులు, పొడి దగ్గు నిన్నటి నుంచి.

సీబీపీలో టీసీ (తెల్లకణాలు) 12,400, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 31, ప్లేట్‌లెట్లు 46 వేలు (మూడు రోజుల కింద 98 వేలు). లివర్ ఎంజైములు ఓటీ 186, పీటీ 142, బిలిరుబిన్ 1.6, ఆల్బుమిన్ 2.6, క్రియాటినిన్ 1.5. డెంగీ ఎన్ఎస్1, ఐజీఎం రెండూ నెగటివ్. మలేరియా కార్డూ స్మియరూ నెగటివ్. బీపీ 96/60, పల్స్ 118, రెస్పిరేటరీ రేట్ 28, రూమ్ ఎయిర్ మీద సాచురేషన్ 93. ఎక్స్-రేలో రెండు వైపులా కింద కొంచెం మసకగా ఉంది. బ్లీడింగ్ ఎక్కడా లేదు.

అటెండర్లు ప్లేట్‌లెట్లు ఎక్కించండి, లేదంటే రాసివ్వండి వైజాగ్ తీసుకెళ్తాం అంటున్నారు. రెసిస్టెంట్ టైఫాయిడ్ అనుకుని మెరోపెనెమ్‌కి మారుద్దామా అని ఆలోచిస్తున్నా. సీనియర్లు కొంచెం చెప్పండి ప్లీజ్, రాత్రికి నేనొక్కడినే ఉన్నా.

సీమ_ఫిజీషియన్
ఆదివారం రాత్రి 11:05

బాబూ, ముందు రెండు ప్రశ్నలు. బట్టలు తీసి ఒళ్ళంతా చూశారా? డాక్సీ (డాక్సీసైక్లిన్) పడిందా ఇప్పటిదాకా?

సీహెచ్‌సీ_డ్యూటీ
ఆదివారం రాత్రి 11:09

డాక్సీ పడలేదు సార్. చేతులు కాళ్ళు పొట్ట చూశాను, ర్యాష్ ఏం లేదు. పూర్తిగా అంటే… ఆడ పేషెంట్ కదా, వార్డులో జనం ఎక్కువున్నారు, చూడలేదు సార్.

సీమ_ఫిజీషియన్
ఆదివారం రాత్రి 11:24

సరే, ఇప్పుడే స్టాఫ్ నర్స్‌ని తోడు పిలిచి స్క్రీన్ అడ్డం పెట్టి చూడండి. చంకలు, రొమ్ముల కింద మడత, గజ్జలు, నడుం చుట్టూ, బొడ్డు, పిరుదుల మధ్య, మోకాళ్ళ వెనక, చెవుల వెనక, జుట్టులోపల. మగవాళ్ళకైతే వృషణాల వెనక కూడా. స్క్రబ్ టైఫస్ అంటించే చిగర్ పురుగు, అంటే పొదల్లో ఉండే సన్న నల్లి పిల్ల, ఒంటి మీద పాక్కుంటూ పోయి బట్ట బిగుతుగా ఉన్నచోట ఆగుతుంది, అందుకే మొలతాడు దగ్గరా, లంగా బొందు కట్టేచోటా, బ్రా పట్టీ కిందా ఎస్కార్ (పురుగు కుట్టినచోటి పుండు) ఎక్కువ దొరుకుతుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే పేషెంట్ తనంతట తను చెప్పదు. మనం అడిగినా లేదనే అంటుంది.

ఇంక మీ కేసు. డెంగీలో జ్వరం మామూలుగా 2 నుంచి 7 రోజులు, జ్వరం దిగే వేళకి ప్లేట్‌లెట్లు బాగా పడతాయి, పీసీవీ పెరుగుతుంది, తెల్లకణాలు తగ్గుతాయి. ఈవిడకి 8వ రోజు కూడా 103, టీసీ 12 వేలు దాటింది, పీసీవీ 31. డెంగీ నడిచే దారి ఇది కాదు. టైఫాయిడ్ అయితే సెఫ్ట్రియాక్సోన్ మీద జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి ఆరు పడుతుంది కాబట్టి ఐదో రోజు జ్వరం ఉందని రెసిస్టెన్స్ అనేయక్కర్లేదు, కానీ ఈ సాచురేషనూ ఈ ఆల్బుమినూ 46 వేల ప్లేట్‌లెట్లూ అన్నీ కలిపి టైఫాయిడ్‌కి అతకవు. తోటలో పని, రెండో వారం, లివర్ ఎంజైములు, ఆల్బుమిన్ పడిపోవడం, ఊపిరితిత్తులు మొదలవడం, ఇది స్క్రబ్ టైఫస్ కాదని రుజువయ్యేదాకా స్క్రబ్ టైఫసే. మెరోపెనెమ్ స్క్రబ్ బ్యాక్టీరియా ఒరియెన్షియా మీద పనిచేయదు, సెఫ్ట్రియాక్సోనూ పనిచేయదు, బీటా లాక్టమ్‌లు ఏవీ దానికి తగలవు. మచ్చ దొరికినా దొరక్కపోయినా డాక్సీ మొదటి డోసు ఈ రాత్రే పడాలి, రిపోర్టు కోసం ఆగొద్దు.

కోనసీమ_జీపీ
ఆదివారం రాత్రి 11:31

డాక్టర్ గారూ, లెప్టో (లెప్టోస్పైరోసిస్, ఎలుక జ్వరం) కూడా ఉండొచ్చు కదండీ? మా వైపు వరి చేలల్లో పనిచేసేవాళ్ళకి చూస్తుంటాం.

సీమ_ఫిజీషియన్
ఆదివారం రాత్రి 11:38

ఉండొచ్చండి, మంచి మాట. లెప్టోలో కళ్ళు ఎర్రబారి చీము లేకుండా ఉంటాయి, పిక్కలు పట్టుకుంటే అరుస్తారు, బిలిరుబిన్ బాగా ఎక్కి ఓటీ పీటీ అంత ఎక్కవు, సీపీకే (కండరాల ఎంజైము) పెరుగుతుంది, క్రియాటినిన్ పెరిగినా పొటాషియం తక్కువగా ఉండొచ్చు. ఈవిడకి తిరగబడి ఉంది, ఎంజైములు ఎక్కువ, కామెర్లు కొంచెమే. అయినా డాక్సీ లెప్టోకి కూడా పనిచేస్తుంది, సెఫ్ట్రియాక్సోన్ ఎలాగూ నడుస్తోంది, కాబట్టి రెండూ కలిస్తే లెప్టో కవర్ అయిపోతుంది. కల్చర్ వచ్చేదాకా సెఫ్ట్రియాక్సోన్ ఆపమని నేను అనను.

సీహెచ్‌సీ_డ్యూటీ
సోమవారం రాత్రి 12:20

దొరికింది సార్. నడుం కుడివైపు, లంగా బొందు కట్టేచోట, పావు అంగుళం ఉంటుంది, నల్లగా చెక్కు కట్టి చుట్టూ ఎర్రటి అంచు. సిస్టర్ గారే ముందు చూశారు. ఆవిడని అడిగితే "బొందు ఒరుసుకుని పుండు పడిందనుకున్నాను బాబూ, పది రోజులైంది" అంది. గజ్జల్లో గడ్డలు కూడా తగులుతున్నాయి. చుట్ట కాలినట్టు ఉంటుందని చదువుకునేప్పుడు చెప్పేవాళ్ళు, అచ్చం అలాగే ఉంది. పొద్దున్నించీ ఆ పొట్ట మీదే చెయ్యి పెట్టి లివర్ చూశాను, ఆ బొందు నాలుగు వేళ్ళు కిందికి దించి ఉంటే కనిపించేది. చాలా బాధగా ఉంది.

డాక్సీ ఇంజక్షన్ మా దగ్గర లేదు. మాత్రలున్నాయి. వాంతులు లేవు, తాగగలుగుతోంది. మాత్ర ఇస్తే సరిపోతుందా?

వార్డు_రౌండ్స్
సోమవారం రాత్రి 12:33

ఇచ్చెయ్ తమ్ముడూ వెంటనే. డాక్సీ నోటి ద్వారా దాదాపు మొత్తం ఒంటికి పడుతుంది, ఇంజక్షన్ లేదని ఆగకూడదు. 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, 7 రోజులు. కూర్చోబెట్టి పెద్ద గ్లాసు నీళ్ళతో మింగించండి, మింగిన అరగంట దాకా పడుకోనివ్వొద్దు, లేదంటే అన్నవాహికలో అతుక్కుని పుండు పడుతుంది, తర్వాత గుండెల్లో మంట అని ఇంకో కన్సల్టేషన్. పాలతో వద్దు, ఐరన్ మాత్రా గ్యాస్ సిరప్పూ దాంతోపాటు ఇవ్వొద్దు. పేషెంట్ మింగలేకపోతే ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబ్ లోంచి కూడా ఇవ్వొచ్చు.

కానీ ఈవిడ సివియర్ కేసు. బీపీ తక్కువ, సాచురేషన్ తక్కువ, రెండు మూడు అవయవాలు ఎఫెక్ట్ అయ్యాయి. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో మన దేశంలోనే ఏడు సెంటర్లలో చేసిన ఇంట్రెస్ట్ ట్రయల్ వచ్చింది, దాదాపు 800 మంది సివియర్ స్క్రబ్ పేషెంట్లు, డాక్సీ ఒక్కటీ, అజిత్రో (అజిత్రోమైసిన్) ఒక్కటీ, రెండూ కలిపి, మూడు గ్రూపులు, అన్నీ ఐవీనే (నరంలోకి), 7 రోజులు. 28 రోజుల లోపు మరణం, 7వ రోజుకి కాంప్లికేషన్ తగ్గకపోవడం, 5వ రోజుకి జ్వరం దిగకపోవడం, వీటిలో ఏదైనా ఒకటి జరిగినవాళ్ళు కలిపి ఇచ్చిన గ్రూపులో 33 శాతం, ఒక్కటే ఇచ్చిన గ్రూపుల్లో 47, 48 శాతం. అందుకని సివియర్ అయితే నేను రెండూ కలిపే ఇస్తాను. అజిత్రో ఐవీ మీ దగ్గర ఉంటుంది కదా, 500 తో మొదలుపెట్టు.

పీజీ_సెకండియర్
సోమవారం రాత్రి 12:41

అన్నా చిన్న డౌట్, అదే ట్రయల్‌లో మరణాల్లో తేడా రాలేదు కదా? మా యూనిట్‌లో ఒక సార్ ఆ మాట మీద అందరికీ డాక్సీ ఒక్కటే చాలంటారు.

వార్డు_రౌండ్స్
సోమవారం రాత్రి 12:52

నిజమే, విడిగా మరణాలు మాత్రమే చూస్తే మూడు గ్రూపులూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. తేడా వచ్చింది కాంప్లికేషన్లు తగ్గడంలో. కానీ ఐసీయూలో వెంటిలేటర్ మీద నుంచి రెండు రోజులు ముందు బయటపడితే ఆ కుటుంబానికి అదేం చిన్న విషయం కాదు కదా. సివియర్ కాని వార్డు పేషెంటుకి మాత్రం నేనూ డాక్సీ ఒక్కటే ఇస్తా, అది చక్కగా పనిచేస్తుంది. ఇంకోటి, అజిత్రో పెట్టే ముందు ఈసీజీ తీసి క్యూటీ చూడండి, అది పెరిగితే గుండె లయ తప్పొచ్చు, పొటాషియం చూడండి. వాంతులకని ఒండాన్‌సెట్రాన్ కూడా నడుస్తుంటుంది మన వార్డుల్లో, రెండూ క్యూటీ పెంచేవే, ఆ సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఫ్లూయిడ్స్ సంగతి నాకు ఇంకా భయం. ప్లేట్‌లెట్లు తక్కువ అనగానే డెంగీ చార్ట్ తీసి లీటర్లకి లీటర్లు ఎక్కిస్తారు. స్క్రబ్‌లో రక్తనాళాల గోడలే దెబ్బతింటాయి, పోసింది పోసినట్టు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఈవిడకి ఇప్పటికే సాచురేషన్ 93. చిన్న చిన్న బోలస్‌లు, 250 ఎంఎల్ ఇచ్చి చెస్ట్ విని, మళ్ళీ చూసుకుని ఇవ్వడం, బీపీ రాకపోతే ఆలస్యం చేయకుండా నారడ్రినలిన్. యూరిన్ అవుట్‌పుట్ గంట గంటకీ రాయించండి.

ఆదిలాబాద్_డాక్
సోమవారం పొద్దున 6:15

రాత్రి చూడలే, ఇప్పుడే చదివిన. మా దిక్కు కూడా వానలు తగ్గినంక ఇవి బాగ వస్తున్నయ్. ఒక మాట చెప్పాలె. రెండేండ్ల కింద నేను వేరే చోట పనిచేసేటప్పుడు 52 ఏండ్ల మనిషి, షుగర్ ఉన్నది, జ్వరం తొమ్మిది రోజులు, విడాల్ పాజిటివ్, ప్లేట్‌లెట్లు 30 వేలు. నాలుగు ఎస్‌డీపీలు (ఒక్క డోనర్ ప్లేట్‌లెట్ బ్యాగులు) ఎక్కించినం, మెరోపెనెమ్ ఇచ్చినం, టీకోప్లానిన్ ఇచ్చినం. మూడోరోజు వెంటిలేటర్. క్యాథెటర్ మార్చేటప్పుడు బ్రదర్ పిలిచిండు, వృషణాల వెనక చిన్న పుండు ఉన్నది సార్ అని. అక్కడ తేమ ఉంటది కాబట్టి నల్ల చెక్కు కట్టలే, పచ్చగ తెల్లగ లోతు తక్కువ పుండు లెక్క ఉండె. అప్పుడు డాక్సీ పెట్టినం. ఆ రాత్రే పోయిండు. ఆయన బిడ్డకు డిగ్రీ పరీక్షలు నడుస్తుండె అప్పుడు, హాల్ టికెట్ చేతిల పట్టుకునే ఐసీయూ ముందట కూసుండేది. అప్పటి నుంచి నేను జ్వరం పేషెంటును బట్టలతోని చూసుడు బంద్ చేసిన. డాక్సీ మాత్ర రెండు మూడు రూపాయలు ఉంటది గంతే.

కాబట్టి నల్ల మచ్చ కోసమే వెతకకుండ్రి, మడతల్ల అది నల్లగ ఉండదు.

మైక్రో_అక్క
సోమవారం పొద్దున 8:40

మైక్రోబయాలజీ వైపు నుంచి నాలుగు మాటలు చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది, ఓపికగా చదవండి.

విడాల్ 1896 నాటి టెస్టు. మన ప్రాంతంలో ఎప్పుడో ఒకప్పుడు సాల్మొనెల్లా తగలని పెద్దవాళ్ళు తక్కువ, టీకా వేసుకున్నవాళ్ళు ఉంటారు, వేరే జ్వరం వచ్చినా పాత యాంటీబాడీలు లేచి నిలబడతాయి. ఒక్క శాంపిల్‌లో 1:160 చూసి టైఫాయిడ్ అని రాయడం తప్పు. వారం పది రోజుల తేడాతో రెండు శాంపిల్స్ తీసి టైటర్ నాలుగింతలు పెరిగితే ఏదైనా చెప్పగలం, అంతదాకా ఎవరాగుతారు. టైఫాయిడ్ అనుమానం ఉంటే మొదటి వారంలో, యాంటీబయాటిక్ పడకముందు బ్లడ్ కల్చర్ పంపండి, అదీ 2 ఎంఎల్ కాదు, పెద్దవాళ్ళకి బాటిల్‌కి 8 నుంచి 10 ఎంఎల్. మాకు వచ్చే బాటిళ్ళలో సగం తక్కువ రక్తంతో వస్తాయి, అందులో ఏం పెరుగుతుంది చెప్పండి.

స్క్రబ్‌కి వీల్-ఫెలిక్స్ అనే పాత రక్త పరీక్షలో ఓఎక్స్-కే చాలా చోట్ల ఇంకా చేస్తున్నారు. నెగటివ్ వస్తే స్క్రబ్ కాదు అనుకోకండి, అది పట్టుకునే కేసులు తక్కువ. ఐజీఎం ఎలైజా (యాంటీబాడీ పరీక్ష) మేలు, కానీ మొదటి ఐదు రోజుల్లో నెగటివ్ రావచ్చు, తర్వాత నెలల తరబడి పాజిటివ్‌గా ఉండిపోవచ్చు. పోయినేడాది స్క్రబ్ వచ్చినవాళ్ళకి ఈ ఏడాది డెంగీ వచ్చినప్పుడు కూడా స్క్రబ్ ఐజీఎం పాజిటివ్ చూశాం. ఈ మధ్య "ఫీవర్ ప్రొఫైల్" అని డెంగీ, టైఫాయిడ్, లెప్టో, స్క్రబ్, చికెన్‌గున్యా అన్నీ ఒకే కార్డు ప్యాకేజీలో చేయించి మూడు పాజిటివ్ వచ్చాయి, మూడు జబ్బులున్నాయా మేడం అని ఫోన్ చేస్తారు. ఉండొచ్చు, కో-ఇన్ఫెక్షన్ లేదనను, కానీ ఎక్కువసార్లు ఒకటే జబ్బు, మిగతావి నీడలు. ఏ రోజు జ్వరమో రాయకుండా పంపిన శాంపిల్‌కి నేనిచ్చే రిపోర్టుకి అర్థం లేదు. దయచేసి రిక్వెస్ట్ ఫారం మీద "జ్వరం 8వ రోజు, ఎస్కార్ ఉంది, డాక్సీ మొదలైంది" అని ఒక్క లైను రాయండి.

ఎస్కార్ ఉంటే ఆ చెక్కు కొంచెం తీసి స్టెరైల్ డబ్బాలో వేసి పంపితే పీసీఆర్ చేయొచ్చు, రక్తం కన్నా దాంట్లో బాగా దొరుకుతుంది. దానికోసం ట్రీట్‌మెంట్ ఆపక్కర్లేదు.

కోనసీమ_జీపీ
సోమవారం ఉదయం 9:30

మేడం గారూ మీరన్నదంతా నిజమే. కానీ చిన్న ఊళ్ళో క్లినిక్ నడిపేవాడి పరిస్థితి చెప్తాను. జ్వరం మూడో రోజు వస్తారు, "టైఫాయిడ్ టెస్టు చేయించండి" అని వాళ్ళే అడుగుతారు. వద్దంటే పక్క సందులో చేయించుకుని 1:80 వచ్చిందని తీసుకొచ్చి మీకు తెలియలేదు అంటారు. కల్చర్ తీసే ల్యాబ్ 40 కిలోమీటర్ల దూరం. నాకు అర్థం కానిదేంటంటే, జ్వరం అన్న ప్రతివాళ్ళకీ డాక్సీ ఇచ్చేయమంటారా? రేపు దానికీ రెసిస్టెన్స్ వచ్చేస్తే?

సీమ_ఫిజీషియన్
సోమవారం ఉదయం 10:10

ప్రతివాళ్ళకీ వద్దండి. మూడో రోజు జలుబు దగ్గుతో వచ్చినవాళ్ళకి పారాసెటమాలూ నీళ్ళూ చాలు, రెండు రోజులాగి మళ్ళీ రమ్మనండి. ఐదు రోజులు దాటి, గొంతులో యూరిన్‌లో చెస్ట్‌లో ఎక్కడా కారణం దొరక్క, మలేరియా నెగటివ్ అయి, పొలం తోట అడవి పొదల పని ఉంటే, అప్పుడు డాక్సీ. ఇంకో విషయం, ఇలాంటి జ్వరాలకి చాలామంది లెవోఫ్లాక్సాసిన్ ఇస్తుంటారు, అది స్క్రబ్‌కి నమ్మదగినది కాదు, పైగా అడుగున టీబీ ఉంటే దాన్ని కొన్నాళ్ళు కప్పేస్తుంది. డాక్సీతో ఆ తంటా లేదు. డాక్సీ ఇచ్చాక 48 గంటల్లో జ్వరం దిగకపోతే అదీ ఒక సమాచారమే, అప్పుడు మన డయాగ్నోసిస్ తప్పేమో మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాలి. షుగర్ ఉన్న రైతుకి అలా జరిగితే పొట్ట స్కాన్ చేయించండి, లివర్‌లో స్ప్లీన్‌లో చిన్న చిన్న చీముగడ్డలు కనిపిస్తే మెలియాయిడోసిస్ (మట్టి నుంచి వచ్చే బ్యాక్టీరియా జబ్బు) గురించి ల్యాబ్‌కి ముందే చెప్పండి.

మీరు అడిగిన పేషెంట్ ఒత్తిడికి నా దగ్గర పెద్ద ఉపాయమేం లేదు. నేను టెస్టు కాయితం పక్కన పెట్టి, "అమ్మా ఈ టెస్టు పాత జ్వరాన్ని కూడా చూపిస్తుంది" అంటాను. ఈ ఒక్క ముక్క చాలామందికి ఎక్కుతుంది.

గర్భిణులకి అజిత్రో. 8 ఏళ్ళ లోపు పిల్లలకి పళ్ళు పాడవుతాయని డాక్సీకి భయపడతారు, వారం లోపు కోర్సుకి ఆ భయం అక్కర్లేదని ఇప్పుడు పీడియాట్రిక్స్ వాళ్ళే అంటున్నారు.

వార్డు_రౌండ్స్
సోమవారం ఉదయం 10:25

ప్లేట్‌లెట్ల ప్రశ్నకి ఎవరూ సూటిగా జవాబివ్వలేదు. బ్లీడింగ్ లేదు, 46 వేలు, ఎక్కించొద్దు. డెంగీలోనే బ్లీడింగ్ లేకపోతే 10 వేల లోపు పడేదాకా ఆగమని మన జాతీయ గైడ్‌లైన్. 2017లో లాన్సెట్‌లో సింగపూర్, మలేషియాలో చేసిన ట్రయల్ వచ్చింది, 20 వేలు అంతకంటే తక్కువున్న డెంగీ పేషెంట్లకి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే బ్లీడింగేమీ తగ్గలేదు, సైడ్ ఎఫెక్టులే ఎక్కువ. స్క్రబ్‌లో అయితే కారణానికి మందు పడగానే అవే పెరుగుతాయి. ఎస్‌డీపీ ఒక్కోటి పది వేలు పైనే, జీడితోట కూలికి అది ఎన్ని నెలల సంపాదనో ఒక్కసారి ఆలోచించండి.

అటెండర్లకి అంకెలు చెప్పొద్దు తమ్ముడూ. ఆ మచ్చ చూపించు. "ఇదిగో ఇక్కడ పురుగు కుట్టింది, జబ్బు ఇక్కడి నుంచి లోపలికి వెళ్ళింది, దీనికి మందు రాత్రే పడింది" అని చెప్పు. కంటితో చూసిందాన్ని నమ్ముతారు.

సీహెచ్‌సీ_డ్యూటీ
సోమవారం సాయంత్రం 5:40

సార్ అలాగే చేశాను. ఆవిడ భర్తకి మచ్చ చూపించాను, ఆయన కాసేపు చూసి "తోటలో ఇద్దరం పనిచేశాం" అన్నాడు, ప్లేట్‌లెట్ల మాట మళ్ళీ ఎత్తలేదు. డాక్సీ మూడో డోసు రాత్రికి. అజిత్రో ఐవీ మధ్యాహ్నం రెండోది పడింది, ఈసీజీలో క్యూటీసీ 440, పొటాషియం 3.4 ఉంటే సిరప్ ఇస్తున్నా, ఒండాన్‌సెట్రాన్ ఆపేశాను. బోలస్ రెండుసార్లు 250 ఇచ్చి ఆపాను. నాలుగు లీటర్ల ఆక్సిజన్ మీద సాచురేషన్ 96. బీపీ 104/66. జ్వరం మధ్యాహ్నం 101. వైజాగ్ పంపడానికి అంబులెన్స్ మాట్లాడి ఉంచాను, రెస్పిరేటరీ రేట్ 30 దాటినా, ఆక్సిజన్ పెంచాల్సి వచ్చినా పంపేస్తా.

సీమ_ఫిజీషియన్
సోమవారం సాయంత్రం 6:02

బాగా చేశావు బాబూ. పంపాల్సి వస్తే కాయితం మీద "స్క్రబ్ టైఫస్, ఎస్కార్ పాజిటివ్, డాక్సీ మొదటి డోసు ఇన్ని గంటలకి" అని పెద్ద అక్షరాలతో రాయి. రిఫరల్‌లో డాక్సీ ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. రాత్రి తలనొప్పి ఎక్కువైనా, మత్తుగా ఉన్నా మెడ బిగుసుకుందేమో చూడు.

సీహెచ్‌సీ_డ్యూటీ
గురువారం రాత్రి 9:15

ఆలస్యంగా అప్‌డేట్ ఇస్తున్నందుకు క్షమించండి. మంగళవారం మధ్యాహ్నానికి జ్వరం పూర్తిగా దిగింది, అంటే మొదటి డోసు నుంచి దాదాపు 36 గంటలు. పంపాల్సిన అవసరం రాలేదు. ఇవాళ ఆక్సిజన్ లేకుండా 97, క్రియాటినిన్ 0.9, ప్లేట్‌లెట్లు 1,12,000, ఒక్క బ్యాగ్ కూడా ఎక్కించలేదు. స్క్రబ్ ఐజీఎం పాజిటివ్ అని ఇవాళ పొద్దున ఫోనొచ్చింది, బ్లడ్ కల్చర్‌లో ఇంతదాకా ఏం పెరగలేదు, సెఫ్ట్రియాక్సోన్ ఆపేశాను. పొద్దున గంజి తాగి, మధ్యాహ్నం చేపల పులుసు ఎప్పుడు తినొచ్చని అడిగింది.

ఇంకో విషయం. ఆవిడ భర్తకి నిన్న రాత్రి నుంచి జ్వరం, చలి. అటెండర్‌గా ఇక్కడే ఉన్నాడు కాబట్టి వెంటనే చూశాను. ఎడమ మోకాలి వెనక మడతలో చిన్న మచ్చ ఉంది, ఇంకా పూర్తిగా నల్లబడలేదు. వైటల్స్ అన్నీ బాగున్నాయి. మలేరియా నెగటివ్. డాక్సీ ఒక్కటే ఇద్దామనుకుంటున్నా.

వార్డు_రౌండ్స్
గురువారం రాత్రి 9:22

డాక్సీ ఒక్కటే, 7 రోజులు. భార్యాభర్తల మధ్య అంటుకునేది కాదని కూడా వాళ్ళకి చెప్పు, లేదంటే ఊళ్ళో ఆవిణ్ణి దూరం పెడతారు. ఇద్దరూ ఒకే తోటలో కూర్చున్నారు, అంతే. ఇంకా ఎవరెవరు ఆ పనికి వెళ్ళారో అడిగి ఏఎన్ఎం గారికి చెప్పు.

మైక్రో_అక్క
గురువారం రాత్రి 9:50

తమ్ముడూ, అతనికి మొదటి రోజే కాబట్టి ఐజీఎం ఇప్పుడు పంపితే నెగటివ్ వస్తుంది, దాన్ని చూసి మందు ఆపొద్దు. డాక్సీ వేసే ముందు ఈడీటీఏ ట్యూబ్‌లో రక్తం తీసి పెట్టగలవా? మచ్చ మీద నుంచి స్వాబ్ కూడా. రెండు వారాల తర్వాత ఇంకో సీరమ్ పంపితే రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను.

సీహెచ్‌సీ_డ్యూటీ
గురువారం రాత్రి 10:04

తీశాను మేడం, రెండూ ఫ్రిజ్‌లో ఉన్నాయి, తీసిన వెంటనే మాత్ర వేయించాను. పొద్దున ఆరున్నర బస్సుకి ఐస్ ప్యాక్ పెట్టి పంపిస్తున్నా. ఫారం మీద ఏ రోజు జ్వరమో రాశాను. తోటకి వాళ్ళతో వెళ్ళినవాళ్ళు ఇంకో ఏడుగురున్నారట, అందులో ఒకావిడ ఐదో నెల గర్భిణి, మూడు రోజులుగా జ్వరమట. ఏఎన్ఎం గారికి ఫోన్ చేశాను, రేపు ఓపీకి ముందే తీసుకొస్తామన్నారు.